నాన్న చేసిన పొంచ్కి

బితోమ్,
గురువారం, 27 ఫిబ్రవరి 1992

అమ్మకు,

ఇక్కడ నేనూ, నాన్నా, నాన్న పావురాలూ కులాసా. అక్కడ ఇటలీలో, బొలోన్యాలో నువ్వూ, నువ్వు కనిపెట్టుకుని ఉంటున్న ముసలావిడా, ఆవిడ పిల్లీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారమే అందింది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేచిపోవడం, ఇదే సరిపోయింది ఇన్నాళ్ళూ. ఇప్పుడైనా ఎంతసేపు కూర్చోగలనో తెలియదు. ఎల్లుండి పొజ్నాన్‌లో తూకం, ఆ వెంటనే జూడో పోటీ. అక్కడ నెగ్గినవాళ్ళే బార్సెలోనా ఒలింపిక్స్‌కి వెళతారు, ఒక్కో బరువుకి ఒక్కరే. నా యాభై ఆరు కిలోల బరువులో నన్ను ఓడించేవాళ్ళు పోలండ్ మొత్తంలో లేరని అందరూ అంటున్నారు. నన్ను ఓడించేది ఆ తూకం యంత్రమే. నిన్నటి నుంచి నీళ్ళు కూడా తగ్గించేశాను. ఆకలేస్తే పడుకోవచ్చు గానీ దాహమేస్తే పడుకోలేం. కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి గదిలోకీ, గదిలోంచి వంటింట్లోకీ తిరుగుతున్నాను.

తిరుగుదామన్నా వంటింట్లో చోటు లేదు. ఇవాళ కొవ్వు గురువారం కదా, ఈస్టర్ ఉపవాసాల ముందు ఊరంతా తినే రోజని నాన్న జామ్ కూరిన పొంచ్కీలు వేస్తున్నాడు. నువ్వు సరిగ్గానే చదివావు, నాన్నే. గనిలో పెట్టుకునే బెల్టు మీద నీ పూల ఏప్రన్ కట్టుకుని, పావురాల గింజలు కొలిచే డబ్బాతో పిండి కొలిచాడు. బజార్లో కొనుక్కోవచ్చుగా అన్నాను.

"మీ అమ్మ ఇంట్లో ఉంటే బజారు పొంచ్కిని గడప తొక్కనిచ్చేదా? నోరు మూసుకుని ఆ జామ్ సీసా ఇటివ్వు" అన్నాడు.

"పిండి ఇంకా పొంగలేదు నాన్నా."

"నాకు తెలుసు. నువ్వు వాసన చూస్తే బరువెక్కుతావేమో, అవతలికి పో."

మొదటి వాయి బయట బొగ్గు, లోపల పచ్చిపిండి. నాన్న ఒకటి విరిచి చూసి, మన ఊరి పొంచ్కి అంటే ఇలాగే ఉంటుంది, ఎవరైనా అడిగితే బితోమ్ రకం అని చెప్పు అన్నాడు. రెండో వాయి కొంచెం నయం. పందికొవ్వు సెగకి కిటికీ అద్దాలన్నీ చెమర్చాయి. అద్దానికి పట్టిన చెమట నా ఒంటికి పట్టడం లేదే అని కుళ్ళు పుట్టింది నాకు.

ఇవాళ ఒక్కటైనా తినకపోతే ఏడాదంతా కలిసిరాదంటారు. నేను చాలా ఏళ్ళుగా తినడం లేదు, ఈ రోజుల్లోనే ఏదో ఒక తూకం వచ్చి పడుతుంది. నువ్వు ఒకటి పళ్ళెం కింద దాచి ఉంచేదానివి, తూకం అయ్యాక వచ్చి తినేదాన్ని. గట్టిపడి రాయిలా ఉండేది. నాన్న ఇవాళ ఒకదాన్ని బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి నా సంచిలో పడేశాడు. "అందరి ఏడాదీ గురువారం మొదలైతే మా అమ్మాయి ఏడాది శనివారం మొదలవుతుంది. అందుకే ఎప్పుడూ ఆలస్యమే" అన్నాడు. నవ్వాను గానీ చిరాకేసింది. ఈ మధ్య నాకు అన్నిటికీ చిరాకే.

నీ ప్రశ్నలకి వస్తాను, లేకపోతే మళ్ళీ లేచిపోతాను.

నాన్న దగ్గు తగ్గలేదు, పెరగలేదు. డాక్టరు సిగరెట్లు మానమన్నాడు. పావురాల గూటి దగ్గర కాల్చేవి లెక్కలోకి రావని నాన్న వాదన. కోటు అందింది, బాగుంది, భుజాల దగ్గర వదులు. నువ్వు నా పాత కొలతలు పట్టుకుని కొన్నట్టున్నావు. మోకాలు బాగానే ఉంది. వాన పడితే మాత్రం మాట్లాడుతుంది. జడ ఎందుకు కత్తిరించుకున్నావని మళ్ళీ అడిగావు. ఫ్యాషన్ అని కిందటిసారి రాశాను. అది అబద్ధం. పోయిన వసంతంలో యూరప్ పోటీల తూకం దగ్గర ముల్లు దిగలేదు. కోచ్ రాయ్‌ముంద్ గారు కత్తెర తెచ్చారు. మా వాళ్ళందరికీ జుట్టు చాలా బరువని గట్టి నమ్మకం. నిజానికి జడ తీసేసినా ముల్లు చీమంత కూడా కదల్లేదు, ఉమ్మి ఉమ్మి నోరెండగొట్టుకుంటే కదిలింది. ఆ రోజు కంచు పతకం వచ్చింది. పతకం నీకు పంపాను, జడ అక్కడి చెత్తబుట్టలో ఉండిపోయింది.

ఇంకో సంగతి. కతోవిత్సె నుంచి పత్రికాయన వచ్చాడు, ఒలింపిక్స్‌కి వెళ్ళబోయే అమ్మాయి కథ రాస్తానని. నేను ప్రాక్టీసు హాల్లో ఉన్నాను, నాన్నే మాట్లాడాడు. నేను వచ్చేసరికి ఆయన పుస్తకం నిండా పావురాలే. నా గురించి మాత్రం రెండు ముక్కలు చెప్పాడట. తొమ్మిదేళ్ళప్పుడు మేడ మీది కుర్రాణ్ణి మెట్ల మీంచి తోసేస్తే వాళ్ళమ్మ గొడవకి వచ్చిందనీ, ఆ గొడవ పడలేక నువ్వు నన్ను తీసుకెళ్ళి గని స్నానాల గది మీదున్న జూడో హాల్లో పడేశావనీ. నా మొదటి జూడో కోటు నువ్వు దుప్పటి చించి కుట్టావు, లోపలివైపు నీలం పువ్వులుండేవి. అవతలి పిల్ల నా కోటు లాగగానే పువ్వులు బయటపడ్డాయి, అది నవ్వింది, ఆ నవ్వులో ఉండగానే వెల్లకిలా పడేశాను. నాన్న ఈ ముక్క ఎప్పుడు చెప్పినా మీ అమ్మ కుట్టిన పువ్వులే గెలిచాయని ముగిస్తాడు. తర్వాత జూనియర్లలో దేశం మీద మొదటి స్థానం, ఆ తర్వాత పెద్దవాళ్ళలో వరసగా నాలుగేళ్ళు. ఇవన్నీ పత్రికాయన నన్నడిగి రాసుకున్నాడు. పోతూ పోతూ నాన్నని, పోటీకి పంపేముందు పావురాలకి ఏం పెడతారని అడిగాడు.

"కాస్త తక్కువ పెడతాం. ఆకలి మీదుంటే ఇంటికి గబగబా వస్తుంది" అన్నాడు నాన్న. "మరీ మాడిస్తే మాత్రం రాదు. దారిలో ఎవరింటి మీదో దిగిపోతుంది."

ఆ మాట అంటూ నా వైపు చూశాడు. నేను చూడనట్టు షూ లేసులు విప్పుకున్నాను.

జూలై చివరి వారం సెలవివ్వడానికి ముసలావిడ కొడుకు ఒప్పుకున్నాడని రాశావు. బస్సులో బార్సెలోనా వస్తానన్నావు. ఈసారి కళ్ళు తెరుచుకుని చూస్తానన్నావు. ఆ వాక్యం చాలాసార్లు చదువుకున్నాను. ఇన్నేళ్ళలో నువ్వు నా ఆట ఒక్కటి కూడా చూడలేదు. హాలు దాకా వస్తావు, నా వంతు రాగానే వసారాలోకి పోయి గోడకి ముఖం పెట్టి జపమాల తిప్పుతావు, లోపల కేకలు ఆగాక ఎవరో ఒకర్ని పట్టుకుని లేచిందా పడిందా అని అడుగుతావు. మా జూడో హాల్లో ఊలా నిన్ను అనుకరిస్తుంటే మేమంతా పడీ పడీ నవ్వుతాం. నువ్వు కళ్ళు తెరుస్తానన్నాక నేను వెళ్ళకుండా ఉండగలనా. అదొక్కటే రోజంతా తల్లో తిరుగుతోంది.

ప్యాడ్లు అయిపోయాయా, ఇంకో పెట్టె పంపనా అని కూడా అడిగావు. వద్దు, ఉన్నాయి.

ఇక లేస్తాను. తాడాట ఆడాలి, చెమట పట్టేలా రబ్బరు సూటు వేసుకుని.

శుక్రవారం, రైల్లో

అమ్మా, అక్షరాలు వంకరపోతే రైలుది తప్పు. పక్కన రాయ్‌ముంద్ గారు కునుకు తీస్తున్నారు, ఎదురుగా ఊలా. నా చేతిలో జామ్ సీసా ఉంది, ఖాళీది. చూయింగ్ గమ్ నములుతూ అందులో ఉమ్ముతున్నాను. మాతో ఎక్కిన పెద్దావిడ కాసేపు చూసి, ఈ అమ్మాయికేం జబ్బు అని ఊలాని అడిగింది. ఊలా చాలా గంభీరంగా, "జూడో అండీ. ముదిరిపోయింది" అంది. ఆవిడ వేరే పెట్టెలోకి మారిపోయింది. మాకు కాళ్ళు చాపుకోవడానికి చోటు దొరికింది.

ఊలా ఎంత మంచిదో నీకు తెలుసు. సంచిలో రొట్టె, సాసేజ్ పెట్టుకుని కూడా నా ముందు తీయలేదు, రైలు నడవాలో నిలబడి తినొచ్చింది. మూతి తుడుచుకుని మరీ వచ్చింది. పదేళ్ళుగా రోజూ నా కింద పడేది అదే, నన్ను పడేసేది అదే. దానిది నా పై బరువు, అరవై ఒకటి. అందులో ఎప్పుడూ రెండోదే. మొదటి స్థానం గ్దాన్‌స్క్ అమ్మాయిది. ఆ అమ్మాయి ఈ చలికాలం కడుపుతో ఉండి ఆట మానేసింది. ఇన్నాళ్ళకి ఊలా దారి ఖాళీ అయింది. రేపు ఊలా అరవై ఒకటిలో, నేను యాభై ఆరులో నెగ్గితే బార్సెలోనాలో ఇద్దరికీ ఒకే గది. కిటికీ పక్కన మంచం ఎవరిదన్న దాని మీద ఇప్పటికే పోట్లాడుకున్నాం.

ఇందాక రాయ్‌ముంద్ గారు కళ్ళు తెరవకుండానే, "ఎంతుంది?" అన్నారు.

"పొద్దున చూస్తే కిలో పైన ఉంది కోచ్ గారూ."

"రాత్రికి పోతుంది. ఇంకొక్కసారి బిగబట్టు. బార్సెలోనా తర్వాత నీ ఇష్టం వచ్చినంత తిను."

ఇంకొక్కసారి అన్న మాట నేను పంతొమ్మిదేళ్ళప్పటి నుంచీ వింటున్నాను. ఆయన చెడ్డవాడు కాదమ్మా, ఆయన కూడా ఇలాగే ఎండి ఎండి పతకాలు తెచ్చుకున్నవాడు. ఆయన పళ్ళు సగం పెట్టుడువి ఎందుకయ్యాయో మాకెవరికీ చెప్పరు.

సంచి పైన ఉంది. దాంట్లో రేకు డబ్బా ఉంది. డబ్బాలో ఏముందో నాకు తెలుసు, నా నాలుకకీ తెలుసు. పొలాలన్నీ మంచు కరిగి నల్లగా ఉన్నాయి. ఇంకా ఎంత దూరమో. లేచి తిరుగుదామంటే రాయ్‌ముంద్ గారు శక్తి దండగ అంటారు. కూర్చుంటే కాళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి. ఊలా తన కాలు నా కాలి మీద వేసి నొక్కిపెట్టింది.

ఆదివారం, ఇంట్లో

అమ్మా, ఇది ముందే ఎక్కడో వార్తల్లో చదువుతావేమో అనుకున్నాను, కానీ బొలోన్యా పేపర్లకి మన జూడో ఎందుకు. కనుక నేనే చెప్పాలి. వరసగా చెబుతాను, మధ్యలో కంగారుపడి ఆఖరి పేజీ తిప్పకు.

ముందు ఆ ప్యాడ్ల సంగతి. ఉన్నాయి అని రాశాను, అది కూడా అబద్ధమే. నా దగ్గర ఒక్కటి లేదు. నువ్వు పంపిన ప్రతి పెట్టె ఊలాకి ఇచ్చేశాను. నాకు వాటి అవసరం లేదు. పోయిన వేసవి నుంచి నాకు నెలసరి రావడం లేదు.

ఉలిక్కిపడకు, నువ్వనుకునేది కాదు. దానికి ఒక మనిషి ఉండాలి, నాకు తూకం యంత్రం తప్ప వేరే తోడెక్కడ. శరదృతువులో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను, ఎవరికీ చెప్పకుండా. ఒంటికి తిండి చాలకపోతే అది ముందుగా మానేసే పని ఇదేనంది. ఇలాగే ఎండబెట్టుకుంటూ పోతే ఎముకలు గుల్లబారతాయి, ముప్పై ఏళ్ళకి ముసలిదానివవుతావు, పిల్లల మాట దేవుడెరుగు అంది. కాస్త కండ పట్టు, బరువు దించడం మానెయ్యి అంది. అలాగేనని తల ఊపి బయటికొచ్చి, ఆ సాయంత్రమే పరుగు తీశాను, రబ్బరు సూటు వేసుకుని. బార్సెలోనా దాకా అనుకున్నాను. నేను కూడా నాకు ఇంకొక్కసారి అనే చెప్పుకున్నాను. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నువ్వు నా బీరువా సర్దుతూ విప్పని పెట్టె చేతిలో పట్టుకుని నిలబడ్డావు. ఏమైనా అడుగుతావేమోనని నేను చెత్త పారేయడానికి కిందికి పోయాను. నువ్వు అడగలేదు. ఉత్తరాల్లో మాత్రం ప్రతిసారీ ఇంకో పెట్టె పంపనా అని అడుగుతున్నావు. నువ్వు నిజంగా అడుగుతున్నదేమిటో నాకు మొదటి నుంచీ తెలుసు. జవాబు ఇదే అమ్మా.

ఇక శనివారం.

పొద్దున నా తూకానికి ముందు చూసుకుంటే అరకిలో ఎక్కువ. రాయ్‌ముంద్ గారు గడియారం చూసి, "ఆవిరి గదిలో కూర్చో. తూకం బల్ల మూసేలోగా పోతుంది" అన్నారు. ఊలా అప్పటికే తన తూకం అయిపోయి హాయిగా ఉంది. అయినా నాతో లోపలికి వచ్చింది, గరుకు తువ్వాలుతో నా వీపు రుద్దడానికి. మాలో ఎవరైనా బరువు దించుతుంటే పక్కనొకరు కూర్చోవాలి, కళ్ళు తిరిగి పడిపోతే ఈడ్చుకురావడానికి. అదొక ఆనవాయితీ.

చెమట రాలేదు. ఒళ్ళు కాలిపోతోంది, చర్మం కాగితంలా పొడిగా ఉంది. ఊలా రుద్దిన చోటల్లా ఎర్రగీతలు.

"రావట్లేదే ఊలా."

"మాట్లాడకు. ఊపిరి దండగ."

"ఒంట్లో లేదే, ఎక్కణ్ణుంచి వస్తుంది."

"వస్తుంది. ఎప్పుడూ వస్తుందిగా."

ఆ పోటీలో ఒక వెసులుబాటు ఉంది. కింది బరువుకి తూగలేనివాళ్ళు, బల్ల మూసేలోగా వెళ్ళి పై బరువులో పేరు రాయించుకోవచ్చు. ఎప్పుడో ఎవరో తప్ప వాడుకోరు. ఆ మాట అప్పుడే కొత్తగా గుర్తొచ్చిందంటే అది కూడా అబద్ధమే అవుతుంది. రైల్లో ఊలా కాలు నా కాలి మీద ఉన్నంతసేపూ దాని గురించే ఆలోచించాను.

"నేను పైకి వస్తే?" అన్నాను.

"ఎక్కడికి పైకి?"

"అరవై ఒకటికి."

తువ్వాలు ఆగింది. రాళ్ళ మీద నీళ్ళు చల్లితే వచ్చే చప్పుడు కూడా లేదు, మేం నీళ్ళు చల్లడం మానేశాం.

"నన్ను అడుగుతున్నావా, నాకు చెప్తున్నావా?" అంది.

"అడుగుతున్నా."

"అడిగితే వద్దంటా. ఎందుకనను? ఇన్నేళ్ళు ఆ గ్దాన్‌స్క్ దాని వెనక నిలబడ్డా. ఇప్పుడు అది తప్పుకుంటే నువ్వొచ్చి ముందు నిలబడతానంటావా? రోజూ పొద్దున్నే నీ కింద పడ్డానే, అది చాలదా నీకు?"

అది చెప్పినదాంట్లో తప్పేముంది. తల వంచుకుని కూర్చున్నాను. అప్పుడు ఊలా గొంతు మారిపోయింది.

"మీ అమ్మ పంపే పెట్టెలు నెలనెలా నా చేతిలో పెడుతుంటే నాకేం తెలీదనుకున్నావా? నాకు తెలుసే. పోయిన ఆగస్టు నుంచీ తెలుసు. అడుగుదామని ఎన్నిసార్లో అనుకున్నా. అడిగితే నువ్వు బరువు దించడం మానేస్తావు, మానేస్తే నా బరువులోకి వస్తావు. అందుకని థాంక్స్ చెప్పి పెట్టె తీసుకున్నా. ప్రతి నెలా తీసుకున్నా."

దాని ముఖం మీద చెమట ధారగా కారుతోంది. నాకు రాని చెమటంతా దానికే పట్టింది. అందులో ఏది చెమటో ఏది ఏడుపో నాకు తెలియలేదు.

"లే," అంది. "ఇక నన్ను అడగడాలు లేవు. బయటికి నడువు."

నా చెయ్యి పట్టుకుని లాగి తలుపు అవతలికి తోసింది. వసారాలో బెంచీ మీద కూలబడ్డాను. అది తడి తువ్వాలుతోనే మా గదిలోకి పోయి నా సంచి తెచ్చి, రేకు డబ్బా తీసి నా ఒళ్ళో పెట్టింది. మూత కూడా అదే తీసింది.

నాన్న పొంచ్కి పైన గట్టిగా, లోపల పచ్చిగా ఉంది. ఒక పక్క జామ్ అసలు లేదు, అంతా ఇంకో పక్కకి పోయింది. అంత రుచిగా నేను జన్మలో ఏదీ తినలేదు. సగం తిన్నాక నీళ్ళు తాగాను. నీళ్ళు గొంతులో దిగుతుంటే ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఒంట్లో నీళ్ళు కావాలి కదా, అవి తాగాకే వచ్చింది.

అప్పుడే రాయ్‌ముంద్ గారు వచ్చారు. నా చేతిలో పొంచ్కి చూశారు, నా ముఖం చూశారు, ఊలాని చూశారు.

"ఏం చేస్తున్నావు?"

"తింటున్నా కోచ్ గారూ. అరవై ఒకటిలో ఆడతాను. డాక్టరమ్మ బరువు దించొద్దంది. మీకు ముందే చెప్పాల్సింది."

ఆయన నిలబడే ఉన్నారు. తిడతారని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆఖరికి, "ఏ డాక్టరు? ఎప్పుడు?" అన్నారు. చెప్పాను. ఎందుకో కూడా ఊలా ముందే చెప్పాను. ఆయనకి చెవులు ఎర్రబడ్డాయి, గోడ మీది బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డారు. తర్వాత జేబులోంచి రుమాలు తీసి ఇచ్చారు. "మూతి తుడుచుకో. జామ్ పూసుకుని బల్ల దగ్గరికి వెళ్ళకు" అన్నారు. పై బరువులో పేరు రాయించే కాగితం ఆయనే పట్టుకెళ్ళారు.

ఆ పై బరువు పిల్లలు గోడల్లా ఉంటారని భయపడ్డాను. ఉన్నారు కూడా. కానీ అమ్మా, నా కాళ్ళు నేల మీద ఉన్నాయి. ఇన్నేళ్ళుగా నేను ఆడుతున్నది వేరే ఎవరి కాళ్ళతోనో అనిపించింది. మొదటి పిల్లని నడుము మీంచి తీసి పడేశాను, రెండోదాన్ని కింద పట్టి లొంగదీశాను. ఫైనల్‌కి అటు నుంచి ఊలా వచ్చింది. వస్తుందని మా ఇద్దరికీ తెలుసు.

వంగి నమస్కారం చేసుకునేటప్పుడు అది నా కళ్ళలోకి చూడలేదు. పట్టు దొరకగానే మాత్రం బితోమ్‌లో రోజూ ఆడే ఊలా కాదు, వేరే మనిషి. దాని ఎడమచేతి ఎత్తు నాకు నిద్రలో కూడా తెలుసు. కాచుకుని దాన్ని పక్కకి దొర్లించాను, చిన్న మార్కు వచ్చింది. ఆ సంబరంలో నేను పైకి లేవబోయేలోగా అది నా మెడ చుట్టూ చెయ్యి వేసి మొత్తం మనిషి నా మీద పడిపోయింది. వీపు చాపకి అంటింది. రిఫరీ చెయ్యి చాపాడు, గడియారం మొదలైంది. ముప్పై సెకన్లు అలా అదిమి ఉంచితే ఆట దానిదే.

దాని ముక్కు నా నోటి దగ్గర ఉంది.

"నీ నోరు గులాబీ రేకుల జామ్ వాసనొస్తోందే" అంది. ఆట మధ్యలో మాట్లాడకూడదు, రిఫరీకి వినపడలేదు.

"నోర్మూసుకుని పట్టుకో" అన్నాను.

పట్టుకుంది. నేను వంతెనలా లేచాను, తిరిగాను, ఒక కాలు దాదాపు బయటికి తీశాను. హాలంతా లేచి నిలబడింది. దాని మోచెయ్యి వణకడం తెలిసింది నాకు. ఇంకొంచెం ఉంటే తప్పించుకునేదాన్ని. గంట మోగింది.

ఓడిపోయాను అమ్మా. ఊలా బార్సెలోనాకి వెళుతుంది.

కావాలని వదిలేశావా అని నువ్వు అడగకు. రాయ్‌ముంద్ గారు అడిగారు. ఊలా అయితే పతకాలిచ్చాక నా గల్లా పట్టుకుని అడిగింది. వదల్లేదు. వదలడానికి నా దగ్గర ఏమీ దాచుకోలేదు. నాకు కోపంగా ఉంది, ఏడుపుగా ఉంది, ఆ కాలు ఇంకొంచెం ముందే తీసి ఉండాల్సిందని నిద్రలో కూడా కాలు విదిలిస్తున్నానట. ఇవాళ పొద్దున్నుంచి మళ్ళీ గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. మొన్నటి తిరుగుడు వేరు, అప్పుడు ఆ తూకం అయిపోతే చాలనుకునేదాన్ని. ఇప్పుడు రేపు హాలు తలుపు ఎప్పుడు తీస్తారా అని చూస్తున్నాను. ఆ పట్టులోంచి ఎలా బయటపడాలో నాకు తెలిసిపోయింది. ఊలాని పడుకోబెట్టి చూపించాలి. అది స్పెయిన్ వెళ్ళేదాకా రోజూ దాని కింద పడేది నేనే, ఇంకెవర్నీ పెట్టుకోనివ్వను.

నాన్నకి స్టేషన్లోనే చెప్పాను, ఓడాననీ, ఎందుకు పైకి వెళ్ళాననీ. ఆ ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"పొంచ్కి ఎలా ఉంది?" అన్నాడు.

"లోపల పచ్చిగా ఉంది నాన్నా."

"మరి తిన్నావా?"

"మొత్తం తిన్నా."

ఇంటికొచ్చాక పావురాల దగ్గరికి పోయి చాలాసేపు రాలేదు. కిందికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గింజల దుమ్ము పడిందన్నాడు. తర్వాత బంగాళాదుంపలు ఉడికించి, వెన్న వేసి, నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చున్నాడు, నేను ఎక్కడికో పారిపోతానేమో అన్నట్టు.

రేపు సోమవారం డాక్టరమ్మ దగ్గరికి వెళుతున్నాను. నాన్న వస్తానంటున్నాడు, వద్దన్నాను, వసారాలో కూర్చుంటానన్నాడు. నీ దగ్గరే నేర్చుకున్నట్టున్నాడు. అంతా సర్దుకోవడానికి నెలలు పట్టొచ్చని ఆవిడ అప్పుడే అంది. మళ్ళీ వస్తుందని మాత్రం గట్టిగా చెప్పలేదు. ఆ భయం ఉంది నాకు, లేదని రాస్తే ఇంకో అబద్ధం.

ఇంకొక్క మాట. జూలై సెలవు వద్దని ముసలావిడ కొడుకుతో చెప్పకు. బస్సు ఎక్కు, కానీ ఇంటికి రా. ఊలా ఆట టీవీలో చూద్దాం, మనం ముగ్గురం. అది లేచినా పడినా నువ్వు వంటింట్లోకి పోవడానికి వీల్లేదు. ఆ వారమే మా క్లబ్బు వాళ్ళు పార్కులో చాపలు పరిచి పోటీ పెడతారు. పతకాలూ ఏమీ ఉండవు, ఎండలో సాసేజ్‌లు కాల్చుకుని తింటారు. నేను అరవై ఒకటిలో ఆడతాను. అక్కడ వసారా లేదు, ముఖం పెట్టడానికి గోడ కూడా లేదు. కళ్ళు తెరుస్తానన్న మాట అక్కడ నిలబెట్టుకో.

వచ్చే పార్శిల్లో ఒక ప్యాడ్ల పెట్టె పంపు. ఈసారి ఊలాకి ఇవ్వను. నా బీరువాలో, నీకు కనపడే చోటే పెట్టుకుని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
కడుపు నిండా తిన్న నీ కూతురు,
బెర్నదెత